నా పేరుతో తొమ్మిది కార్డులు

నవంబర్ 30

అమ్మ మెట్ల మీద జారిపడి పదకొండు రోజులైంది. కుడి మణికట్టుకు కట్టు. ఇంకో నెల దాకా విప్పేది లేదన్నాడు డాక్టరు. వంట, బట్టలు, అమ్మకు జడ వెయ్యడం అన్నీ నా మీదే పడ్డాయి. వాటికి నేనేమీ అనుకోవడం లేదు. పేచీ వచ్చింది కార్డుల దగ్గర.

ఏటా డిసెంబర్ వచ్చిందంటే అమ్మ నలభై క్రిస్మస్ కార్డులు రాస్తుంది. కుట్టుపని టీచరుగా ఉన్నప్పటి శిష్యురాళ్లకు కొన్ని, చుట్టాలకు కొన్ని, బతికున్నారో లేదో తెలియనివాళ్లకు కొన్ని. ఈ ఏడు మానేద్దామని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. అమ్మకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో అరిస్తే వినపడుతుంది. మా ఇంటి రహస్యాలు ముందు పక్కింటివాళ్లకు తెలిసి, ఆ తర్వాత అమ్మకు తెలుస్తాయి.

"ఎందుకు మానాలి? చెయ్యి విరిగింది నాకు. నీకు కాదుగా?" అంది.

"ఈ రోజుల్లో కార్డులెవరు పంపుతున్నారమ్మా? ఫోన్లో ఓ బొమ్మ పంపితే సరిపోతుంది."

"ఫోన్లో వచ్చిన బొమ్మని అల్మారా మీద నిలబెట్టుకుంటారేంటే ఎవరైనా?"

రేపట్నుంచి అమ్మ చెబుతుంది, నేను రాస్తాను. యాభై రెండేళ్ల వయసులో నాకు డిక్టేషన్.

డిసెంబర్ 2

పధ్నాలుగు రాశాం. అమ్మ చెప్పే వాక్యం ఒక్కటే, మార్చదు. "మీరంతా క్షేమమని తలుస్తాను. ప్రేమతో." పధ్నాలుగుసార్లు ఒకే గొంతుతో చెప్పింది, పాఠం చెప్పినట్టు.

మా పెద్దమ్మ కూతురి పేరొచ్చింది. నా కూతురు ఇల్లు వదిలి వెళ్లిన ఏడాది, నలుగురిలో నిలబడి "నిప్పు లేందే పొగొస్తుందా" అన్న మనిషి. కట్ట మొత్తం వెతికి, మంచుబొమ్మ ముక్కు అచ్చు తప్పి కంట్లో పడ్డ కార్డు తీసి దానికి కేటాయించాను. "ప్రేమతో" రాయలేదు. అమ్మ కళ్లద్దాలు పెట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. చిన్న ముచ్చట. అయినా టీ రుచిగా అనిపించింది.

డిసెంబర్ 3

ఇరవై ఆరు అయ్యాయి. మొండి ముసలమ్మ.

డిసెంబర్ 5

నలభై పూర్తి. కవర్లన్నీ పేర్చి రబ్బరు బ్యాండు వేశాను. అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

"ఇంకోటుంది" అంది.

"ఎవరికి?"

నా ముఖం చూసింది. "ఏం లేదులే. నలభయ్యేగా."

లెక్కలు తప్పే మనిషి కాదు. వయసొచ్చింది మరి.

డిసెంబర్ 9

జరిగింది జరిగినట్టు కుదురుగా రాయాలి.

తపాలా పెట్టె తాళంచెవి ఇన్నేళ్లూ అమ్మ కొంగుకే ఉండేది. రోజూ పదకొండింటికి రెండంతస్తులు దిగి, పెట్టె చూసి వచ్చేది. కాళ్లకు వ్యాయామం అనేది. ఇప్పుడు తాళంచెవి నా దగ్గరుంది. ఈ సాయంత్రం పనినుంచి వస్తూ పెట్టె తీశాను. కరెంటు కాగితం, ఒక కవరు. కవరు మీద నా పేరు. చేతిరాత నా చెల్లెలిది.

తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో దాని ఊసెత్తకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. నా పిల్లను నాక్కాకుండా చేసిన మనిషి అది. పదహారేళ్ల పిల్ల, సెలవులకు పిన్ని ఇంటికి వెళ్లొస్తానని బ్యాగు సర్దుకుని వెళ్లింది. సెలవులైపోయాయి, రాలేదు. ఫోన్ చేస్తే చెల్లెలే ఎత్తింది. "ఇక్కడ బాగా మాట్లాడుతోందక్కా. గలగలా మాట్లాడుతోంది. కొన్నాళ్లు ఉండనీ" అంది. ఇక్కడ మాట్లాడుతోందట! అంటే నా ఇంట్లో నోరు కుట్టి పెట్టానా? "అయితే అక్కడే ఉండమను. నువ్వు మాత్రం నా గడప తొక్కకు" అని పెట్టేశాను. అమ్మ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను, దానితో మాట్లాడనని.

పిల్ల తండ్రి పోయినప్పుడు దానికి నాలుగేళ్లు. ఒంటి చేత్తో పెంచాను. నేనన్నది ఒక్క మాట. ఒక్క మాటకు ఇల్లు వదిలిపోతారా ఎవరైనా?

కార్డులో ఇలా ఉంది:

"అక్కా, ఏటా మొదటి వారంలోనే నీ కార్డు వచ్చేసేది. ఈసారి ఇంకా రాలేదు. నీ చేతికేమీ కాలేదు కదా? ఆరోగ్యం ఎలా ఉంది? పిల్ల రోజూ పెట్టె చూసి వస్తోంది. ఒక్క ముక్క రాయి, చాలు."

మూడుసార్లు చదివాను. నేను దానికి ఏ కార్డూ పంపలేదు. ఏ ఏడాదీ పంపలేదు.

అమ్మ ముందు పెట్టాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఇవాళ చూశాను.

"ఏంటమ్మా ఇది?"

"కార్డు."

"ఎవరు రాస్తున్నారు దానికి నా పేరుతో?"

అమ్మ కట్టు వైపు చూసుకుంది. "ఈ ఏడు ఎవరూ రాయలేదుగా."

"దాంతో మాట్లాడనని నాకు ఒట్టేశావు!"

"మాట్లాడలేదే. రాయనని వెయ్యలేదుగా ఒట్టు?"

"రాస్తే నీ పేరుతో రాసుకో. నా పేరెందుకు?"

"నా పేరుతో రాస్తే నీకు ద్రోహం చేసినట్టు అవదూ?" అంది అమ్మ, ఎంతో న్యాయం చెబుతున్నట్టు. "నాకూ కూతురే కదే అది. పిల్లేమో మనవరాలు. ఫోన్లో నాకు వినపడి చావదు. నీ పేరు తప్ప నాకింకో దారేముంది?"

"ఏం రాశావు?"

"నువ్వు రాయాల్సింది రాశాను."

పక్కింటివాళ్లు టీవీ చప్పుడు తగ్గించారు. అప్పుడుగానీ నాకు తెలియలేదు, ఎంత గట్టిగా అరుస్తున్నానో.

డిసెంబర్ 10

కుట్టుపెట్టెలో అడుగున, గుండీల డబ్బా కింద, టేపుతో కట్టిన కట్ట. చెల్లెలి జవాబులు తొమ్మిది. అన్నీ నా పేరుతోనే. తొమ్మిదేళ్లు పదకొండింటికి వ్యాయామం!

సెలవు పెట్టి కూర్చుని చదివాను. మొదటిదాంట్లో: "పిల్లకు 'తప్పు నాదే తల్లీ' అని రాశావు. చదివింది. కార్డు తన గదిలోకి తీసుకెళ్లింది." నాలుగోదాంట్లో: "ఈ ఏడు కూడా 'తప్పు నాదే' అన్నావు. ఎన్నిసార్లంటావక్కా?" తొమ్మిదోదాంట్లో: "చిన్నపిల్లలకు ఈత నేర్పే పనిలో చేరింది. రోజంతా నీళ్లలో నిలబడి కేకలు వేస్తూనే ఉంటుంది."

నేను లేని చోట, నా చేత తొమ్మిదిసార్లు లెంపలు వేయించింది మా అమ్మ. వాళ్లిద్దరూ తొమ్మిదేళ్లు నన్ను క్షమించుకుంటూ కూర్చున్నారు. ఎంత హాయిగా ఉండి ఉంటుంది! ఏటా క్రిస్మస్‌కు ఒకసారి నన్ను క్షమించి, కార్డు అల్మారా మీద పెట్టి, టీ తాగడం.

నేను అడగని క్షమాపణ. నేను చెయ్యని తప్పుకు.

డిసెంబర్ 11

అమ్మతో మాట్లాడలేదు. అమ్మకు వినపడదు కాబట్టి పెద్ద తేడా తెలియలేదు.

డిసెంబర్ 12

పని దగ్గర చెయ్యి కుదరడం లేదు. నేను పళ్లసెట్లు తయారుచేస్తాను, ఇరవై ఏడేళ్లుగా. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు, మేం ప్లాస్టర్ పోసి దవడ తీసి, మైనంలో పళ్లు నిలబెట్టి, నొక్కి, అరగదీసి, మెరుగుపెట్టి పంపుతాం. వెంట్రుకంత ఎత్తు ఎక్కువైతే చాలు, ఆ మనిషి జన్మలో సుఖంగా నమలలేడు. ఇవాళ ఒక పెద్దాయన కింది సెట్టులో రెండు పళ్లు తారుమారు చేశాను. మాతో పనిచేసే మైనం మాస్టారు చూసి, చప్పుడు లేకుండా సరిచేశాడు. మైనంతో ఆయన చెక్కిన చిగుళ్లు చూస్తే నిజం నోరు సిగ్గుపడాలి. అందుకే ఆ పేరు.

"ఏంటమ్మా, ఎవరి మీద పళ్లు నూరుతున్నావ్?" అన్నాడు.

చెప్పేశాను. కార్డులు, అమ్మ, చెల్లెలు, అన్నీ. నా పక్షాన మాట్లాడతాడనుకున్నాను. అన్నీ విని, చేతిలో ఉన్న దవడను బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు నేనూ ఉన్నాగా మీ ఇంట్లో" అన్నాడు.

"ఉన్నారు కదా! మీరే చెప్పండి. నేనన్నది ఒక్క మాటేగా?"

"ఒక్క మాటే. ఎలా అన్నావు?"

బల్ల మీద రాలిన మైనం గీకడం మొదలుపెట్టాను.

"నేనూ నవ్వానమ్మా" అన్నాడు. "అందరితో పాటే నవ్వాను. ఇంటికెళ్లాక ఆ మాట మా ఆవిడకి చెప్పబోయి, చెప్పలేకపోయాను. ఇంకోటి కూడా గుర్తుంది నాకు. నువ్వు అని, ఆగావు. మేం నవ్వుతామా లేదా అని మా ముఖాల్లోకి చూశావు."

"అబద్ధం."

"సరే అయితే, అబద్ధమే" అని మళ్లీ మైనం అందుకున్నాడు.

ఆయనకు అరవై దాటింది. ఆ వయసులో జ్ఞాపకాలు కలిసిపోతాయి.

డిసెంబర్ 12, సాయంత్రం

ఇది ఎవరూ చూడని పుస్తకం. రాసేస్తే పోతుంది.

మా పిల్లకు నత్తి ఉండేది. చిన్నప్పుడు లేదు, తండ్రి పోయాక వచ్చింది. స్కూల్లో ఎక్కువ, ఇంట్లో తక్కువ, కొత్తవాళ్లుంటే మరీ ఎక్కువ. ఆ రోజు మా పనిచోటు పెట్టి పదేళ్లయిందని ఏడుగుర్ని ఇంటికి పిలిచాను. అమ్మ తన గదిలో నిద్రపోతోంది. పిల్ల ట్రేలో టీ తెచ్చింది. పంచదార ఎందరికో అడగబోయింది కాబోలు, "అ… అ… అ…" దగ్గర పట్టేసింది. ఏడుగురూ కప్పులకేసి చూస్తూ కూర్చున్నారు. గది బిగుసుకుపోయింది.

నేను కూడా అలాగే, "అ… అ… అమ్మా" అన్నాను.

సరదాకి. బిగువు వదలాలని. అందరూ తేలిగ్గా నవ్వేశారు. అంతే. ఒక్క మాట, అదీ తన మాటే.

పిల్ల ట్రే బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. తర్వాత ఆ వారమంతా ఇంట్లో నోరు విప్పలేదు. చీటీలు రాసేది. "స్కూలు ఫీజు." "సబ్బు అయిపోయింది." వారం తర్వాత చివరి చీటీ: "పిన్ని ఇంటికి వెళ్లొస్తాను."

ఇందులో ఇల్లు వదిలేంత ఏముంది?

డిసెంబర్ 13

పంపుతాను. తప్పకుండా పంపుతాను కార్డు. ఇన్నేళ్ల సంప్రదాయం నా వల్ల ఎందుకు ఆగాలి?

పంటి నరం బయటపడితే, గాలి తగిలినా ప్రాణం పోతుంది. మాట సరిగ్గా అలాంటి చోట పెట్టాలి. భోజనాల వేళ ప్లాస్టర్ బిల్లుల వెనక నాలుగు రకాలుగా రాసి చూశాను. మొదటిది మరీ పొడుగు, ఏడుపులా ఉంది. రెండోదాంట్లో తిట్లు ఎక్కువ. తిడితే వాళ్లకు తేలిక, "అక్క ఇంకా మారలేదు" అనుకుని ఊరుకుంటారు. మూడోది చించేశాను. నాలుగోది చల్లగా ఉంది. చల్లదనమే నరానికి తగిలేది.

"ఇన్నేళ్లూ నా పేరుతో వచ్చిన కార్డులు నేను రాసినవి కావు. మీ అమ్మమ్మ రాసింది. తప్పు నాదని నేనెప్పుడూ అనలేదు, అనను. ఇది మాత్రం నేను రాస్తున్నాను. క్రిస్మస్ శుభాకాంక్షలు."

పిల్ల పేరు మీదే పంపుతాను. చెల్లెలు పక్కనే నిలబడి చదువుతుందిగా. దాని ముఖం తల్చుకుంటే ఈ నెలలో మొదటిసారి ఆకలి వేసింది.

డిసెంబర్ 15

మంచి కార్డు కొన్నాను. బంగారు అంచు, గంటలు. శ్రద్ధగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. పనికి వెళ్తూ వీధి మూలమీద తపాలా పెట్టెలో వేశాను. కవరు అడుగున పడ్డ చప్పుడు వినపడే దాకా నిలబడ్డాను.

డిసెంబర్ 16

అమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉంటే సగం సంతోషమే కదా మరి.

"పంపావా!" అని ముఖం విప్పార్చుకుంది. "నాకు తెలుసే, నువ్వు పంపుతావని. ఏం రాశావు?"

"నిజం రాశాను."

వినపడలేదేమో, మళ్లీ చెప్పించుకుంది. మళ్లీ అరిచాను. "నిజం! నువ్వు రాశావని, నేను కాదని!"

అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని పట్టుకుని కూర్చుంది, అది వేరే ఎవరి బిడ్డో అయినట్టు. కాసేపటికి, "పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు చదవకుండా ఉంటే బాగుణ్ను" అంది.

నేను అనుకున్నంత బాగా లేదు ఇది.

డిసెంబర్ 18

పనినుంచి వచ్చేసరికి అమ్మ భోజనాల బల్ల దగ్గర వంగి కూర్చుని ఉంది. నన్ను చూసి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. లాక్కున్నాను.

ఎడమ చేత్తో రాస్తోంది. ఒక్కో అక్షరం అరచెయ్యంత ఉంది, ఒంకర్లు పోయి ఒకదాని మీద ఒకటి పడుతోంది. "తల్లీ మీ అమ్మ కోపంలో" అనేదాకా వచ్చింది. నాలుగు ముక్కలకు ఎంతసేపు పట్టిందో, బల్ల చుట్టూ నలిపి పారేసిన కాగితాలు పదో పన్నెండో.

"ఇది నీ తరఫున కాదులే" అంది తొందర తొందరగా. "నా పేరే పెడతా. ఒట్టు నీకే వదిలేస్తున్నా. ఏమనుకున్నా అనుకో."

కాగితం తిరిగి ఇచ్చేశాను. వంటింట్లోకి వెళ్లి కుళాయి విప్పాను. అరిస్తే తప్ప ఆమెకు వినపడదు, అయినా విప్పాను.

డిసెంబర్ 19

మూలమీద పెట్టెలో ఉత్తరాలు తీసే వేళ పదిన్నర. పదిహేనో తారీకున నేను వేసింది ఏడున్నరకు. అంటే మూడు గంటలు అది అక్కడే ఉంది. ఎందుకు లెక్కపెడుతున్నానో తెలియదు.

డిసెంబర్ 22

అమ్మ ఉత్తరం రెండు రోజుల క్రితం పోస్టు చేశాను. చదవలేదు. అంటించే ముందు కొంచెం చదివాను. "కోపంలో ఏదో రాసింది. దానికి నువ్వంటే" అని ఉంది. ఆ తర్వాత చోటు చాలలేదు.

డిసెంబర్ 25

అమ్మ వచ్చిన కార్డుల్ని అల్మారా మీద ఎడమ చేత్తో నిలబెట్టింది. పంతొమ్మిది. అవి పడిపోతుంటాయి, అమ్మ మళ్లీ నిలబెడుతుంది. మధ్యలో ఒకదానికి చోటు వదిలింది. ఎవరికని నేను అడగలేదు.

మైనం మాస్టారు, ఆయన భార్య వచ్చి వెళ్లారు. ఆయన టీ తాగుతూ ఆ గదిని ఒకసారి చుట్టూ చూశాడు. నేను కిటికీ తెరవడానికి లేచాను.

డిసెంబర్ 27

ఏమీ రాలేదు.

సరే. రాకపోతే నేను గెలిచినట్టే.

డిసెంబర్ 28

ఏమీ రాలేదు. రెండుసార్లు చూశాను.

డిసెంబర్ 29

వచ్చింది. చెల్లెలిది కాదు. పిల్ల చేతిరాత, చీటీల్లో చూసిన ఆ చిన్న నిలువు అక్షరాలే. మెట్ల మీదే కూర్చుని చదివాను. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను, కాగితం ఎక్కడైనా పోతుందేమోనని.

"అమ్మా,

అమ్మమ్మ చేతిరాత పిన్నికి తెలియదా? మొదటి కార్డు వచ్చిన రోజే చెప్పింది. అక్షరాలు ఎడమవైపుకు వంచి రాసినా 'ళ' మాత్రం మార్చలేకపోయింది. కనిపెట్టామని తెలిస్తే రాయడం మానేస్తుందేమోనని, మేం నీ పేరుతో అమ్మమ్మకే రాస్తూ వచ్చాం. ఈసారి రాకపోయేసరికి అమ్మమ్మకు ఏమైందోనని పిన్ని నిద్రపోలేదు. చెయ్యి విరిగిందని ఆమె ఉత్తరం చూస్తే తెలిసింది. ఎడమ చేత్తో రాసింది కదా.

నీ కార్డు నాలుగుసార్లు చదివాను. తొమ్మిదేళ్లలో నువ్వు నాకు రాసింది ఇదొక్కటే. దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే పారెయ్యలేదు. అమ్మమ్మవి ఉన్న పెట్టెలో మాత్రం పెట్టలేదు, వేరే పెట్టాను.

అమ్మమ్మ ఏటా 'తప్పు నాదే' అని రాసేది. ఏ తప్పో ఒక్కసారి కూడా రాయలేదు. పాపం, ఆమెకు తెలియదు. తెలిసింది నీకూ నాకే.

అమ్మమ్మకు కట్టు ఎప్పుడు విప్పుతారు?"

పేరు పెట్టలేదు చివర.

నేను చిమ్మిన విషం వాళ్లకు తగల్లేదు. పైగా పిల్ల ఆ కార్డు దాచుకుంది. నా కూతురే, సందేహం లేదు. నరం ఎక్కడుందో దానికి నాకన్నా బాగా తెలుసు.

డిసెంబర్ 30

అమ్మకు చూపించాను. భూతద్దం పెట్టి చదివింది. చదువుతూ చదువుతూ "దొంగముండలు!" అంది. "తొమ్మిదేళ్లు మెడ పట్టేసేలా అక్షరాలు వంచి రాశాను. మొదటి రోజే కనిపెట్టారా! ఒక్కరైనా చెప్పొద్దూ?" కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వుతోంది. నాకూ నవ్వొచ్చింది. ఈ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆ తర్వాత చివరి పేరాకు వచ్చింది. అక్కడ భూతద్దం చాలాసేపు ఆగింది.

"తొమ్మిదేళ్లు అడగలేదు" అంది. "నువ్వే చెబుతావనుకున్నా. ఇప్పుడు అడుగుతున్నా. ఏమన్నావే ఆ పిల్లని?"

"ఒక్క మాటమ్మా."

"ఏ మాట?"

చెప్పాలంటే అరవాలి. ఆ మాటను, ఆ తీరులో, గోడ అవతలికి వినపడేలా అరవాలి. నోరు తెరిచాను. రాలేదు. మొదటి అక్షరం దగ్గరే పట్టేసింది.

అమ్మ ఎదురుచూస్తూ కూర్చుంది. నేను లేచి పనికి వెళ్లిపోయాను.

జనవరి 2

మూలమీద దుకాణానికి వెళ్లాను. "క్రిస్మస్ అయిపోయిందిగా మేడమ్" అన్నాడు దుకాణదారు.

"అవును. నాకు ఆలస్యమైంది."

వెనక అట్టపెట్టెలో వెతికి ఒకటి తీసిచ్చాడు. మీద బొమ్మ కూడా సరిగ్గా చూడలేదు. లోపల చోటు ఎక్కువుండాలని మాత్రం అడిగాను.

జనవరి 3

సెలవు పెట్టాను. పొద్దున్నే బల్ల దగ్గర కూర్చున్నాను. 'తప్పు నాదే' అని మొదలుపెట్టబోయాను. అది అమ్మ మాట, తొమ్మిదిసార్లు వాడేసింది. క్షమించమని రాద్దామంటే, అది కూడా ఎక్కడో రాసే ఉంటుంది. నేను రాయాల్సిన మంచి మాటలన్నీ అమ్మ ఎప్పుడో ఖర్చు పెట్టేసింది. నాకు మిగిలింది జరిగింది ఒక్కటే.

మధ్యాహ్నానికి పూర్తయింది. అది ఇది:

"ఆ రోజు ఇంట్లో ఏడుగురున్నారు. నువ్వు టీ తెచ్చావు. 'అమ్మా' అనబోయి తడబడ్డావు. నీ నత్తికి నేను సిగ్గుపడేదాన్ని. నేను అచ్చం నీలాగే అని చూపించాను. అని ఆగాను, వాళ్లు నవ్వుతారా లేదా అని చూశాను. ముందు ఎవరూ నవ్వలేదు. నువ్వు నా వైపు చూశావు. నీ ముఖం నేను చూశాను. చూసి, ఇంకోసారి అన్నాను, మొదటిసారికన్నా గట్టిగా. అప్పుడు నవ్వారు. నాకు బాగుంది."

ఆ కింద, ఎందుకలా చేశానో రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. అవి సాకులు.

తొమ్మిదేళ్లుగా ఒక్క మాట, ఒక్క మాట అని ఊరంతా చెప్పుకున్నాను. ఈ పుస్తకంలో కూడా ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూస్తే కనపడుతుంది. ఒక్క మాటే. రెండుసార్లు.

కార్డు అమ్మ ముందు పెట్టాను. ఇంతకన్నా చెప్పే దారి నాకు లేదు. భూతద్దం మెల్లగా ఒక్కో వరుస మీద నడిచింది. ఒక చోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"రెండుసార్లా?" అంది.

తలూపాను.

నా మీద చెయ్యి చేసుకుంటుందేమో అనుకున్నాను. చేసుకున్నా బాగుండేది.

"ఇన్నేళ్లూ ఎంత తక్కువ రాశానే నేను" అంది.

జనవరి 4

నిన్న ఆ తర్వాత అమ్మ నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"స్టాంపు అంటించావా?"

"అంటించాను."

"సరిగ్గా చూసుకో. ఇది వెనక్కి రాకూడదు."

మూల దాకా ఇద్దరం నడిచాం. కార్డు ఆమెకు ఇవ్వబోయాను, వెయ్యమని. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇది నువ్వే వెయ్యి."

వేశాను. జవాబు వస్తుందో రాదో తెలియదు. రాకపోయినా అనడానికి నాకేమీ లేదు.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ నా పక్కన నడవలేదు. నాలుగడుగులు ముందు, ఒక్కతే నడిచింది. పనికి ఆలస్యమవుతోందని తెలుసు. అయినా ఇంటి దాకా ఆమె వెనకాలే నడిచాను.